వేసవిలో ఫుట్‌బాల్, చలికాలంలో హాకీ: వ్సెవొలోద్ బొబ్రోవ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఐస్ హాకీ అనగానే మనలో చాలామందికి కెనడా గుర్తొస్తుంది. పాత సోవియట్ భూమి పత్రికలు తిరగేసిన తరం వాళ్లకైతే ఎర్ర జెర్సీలు, ఛాతీ మీద రష్యన్ అక్షరాలు లీలగా గుర్తుండొచ్చు. ఆ ఎర్ర జెర్సీల కథలో మొదటి పెద్ద స్టార్ బొబ్రోవ్. ఆటగాడిగా రెండు ఆటల్లోనూ దేశానికి కెప్టెన్, ఆ తర్వాత జాతీయ హాకీ జట్టుకు కోచ్. అతని గురించి మామూలుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

అసలు ఎవరీ బొబ్రోవ్?

సోవియట్ యూనియన్ వేసవి ఒలింపిక్స్‌లో మొదటిసారి ఫుట్‌బాల్ ఆడినప్పుడు కెప్టెన్ అతనే. అది 1952, హెల్సింకీ. అదే దేశం శీతాకాల ఒలింపిక్స్‌లో మొదటిసారి ఐస్ హాకీ ఆడినప్పుడూ కెప్టెన్ అతనే. అది 1956, ఇటలీలోని కోర్టినా డి అంపెజ్జో. తర్వాత కోచ్‌గా మారాడు. 1972లో కెనడా ప్రొఫెషనల్స్‌తో ఎనిమిది మ్యాచ్‌ల సిరీస్ జరిగినప్పుడు సోవియట్ బెంచీ వెనక నిలబడ్డది ఇతనే. 1973, 1974 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు గెలిచింది కూడా ఇతని జట్టే.

పుట్టింది 1922 డిసెంబర్ 1న, రష్యాలోని మొర్షాన్స్క్‌లో. పెరిగింది లెనిన్‌గ్రాద్ పక్కన సముద్రపు ఒడ్డునున్న సెస్త్రొరెత్స్క్ అనే ఊళ్లో.

హాకీ అంటే మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీయేనా?

కాదు. కానీ మధ్యలో ఇంకో ఆట ఉంది. అది తెలిస్తేగానీ బొబ్రోవ్ ఆట అర్థం కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఐస్ హాకీలో బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని పక్ అంటారు. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో జట్టు నుంచి ఆరుగురే రింక్ మీద ఉంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. రింక్ చుట్టూ చెక్క గోడ, ఒళ్లు ఒళ్లు గుద్దుకోవడం ఆటలో భాగమే.

రష్యాలో అంతకు ముందు నుంచీ ఆడుతున్నది బాండీ. ఫుట్‌బాల్ మైదానమంత ఐస్, జట్టుకు పదకొండు మంది, చిన్న బంతి, కొస వంకర తిరిగిన కర్ర, 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు. మన హాకీ తెలిసినవాళ్లు బాండీ చూస్తే, ఎవరో ఆ ఆటను గడ్డకట్టిన చెరువు మీదికి తోసేసినట్టు అనిపిస్తుంది. రష్యన్లు దీన్ని 'రష్యన్ హాకీ' అనేవాళ్లు. పక్‌తో ఆడేదాన్ని 'కెనడా హాకీ' అనేవాళ్లు.

ఇక్కడ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, కిందికెళ్లాక పనికొస్తుంది. బాండీలో, ఫుట్‌బాల్‌లో గోల్ సరిగ్గా మైదానం చివరి గీత మీద ఉంటుంది, దాని వెనక ఆట లేదు. ఐస్ హాకీలో మాత్రం గోల్‌ను కొన్ని మీటర్లు ముందుకు జరిపి పెడతారు. దాని వెనక కూడా ఆడొచ్చు.

ఆటలు ఎక్కడ నేర్చుకున్నాడు?

ఇంట్లోనే. తండ్రి మిఖాయిల్‌కు ఫుట్‌బాల్, బాండీ రెండూ వచ్చు. అన్న వ్లదిమిర్ కూడా ఆడేవాడు. కుర్రాడు సెస్త్రొరెత్స్క్‌లోని ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా పనికి కుదిరి, పని అయ్యాక ఊరి జట్టుకు ఆడేవాడు. 1941లో జర్మన్లు లెనిన్‌గ్రాద్ మీదికి వస్తుంటే ఫ్యాక్టరీని యంత్రాలతో, మనుషులతో సహా సైబీరియాలోని ఓమ్స్క్‌కు తరలించారు. బొబ్రోవ్ కూడా అక్కడికే వెళ్లాడు, అక్కడే సైన్యంలో చేరాడు. యుద్ధం చివర్లో మాస్కోలోని సైన్యం జట్టు సీడీకేఏలోకి తీసుకున్నారు. ఇప్పటి సీఎస్‌కేఏ అదే. ముందు బాండీ ఆడాడు, ఫుట్‌బాల్ తర్వాత.

ఒకే మనిషి రెండు ఆటలు ఏడాది పొడవునా ఎలా ఆడాడు? ఇప్పుడెవరూ అలా ఆడరు కదా?

వాతావరణం వల్ల. రష్యాలో ఫుట్‌బాల్ సీజన్ వసంతంలో మొదలై శరదృతువులో అయిపోయేది. ఆ తర్వాత మైదానాలు గడ్డకట్టేవి, కాబట్టి అదే ఆటగాళ్లు బూట్లు విప్పి స్కేట్స్ కట్టుకునేవాళ్లు. క్లబ్ అదే, స్టేడియం అదే, ఒక్కోసారి కోచ్ కూడా అతనే. మన పల్లెల్లో కోతలయ్యాక అదే చేలో పిల్లలు క్రికెట్ మొదలుపెట్టినట్టు, కాలం మారితే ఆట మారేది.

అందుకే ఆ తరంలో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. తొలి తరం హాకీ కోచ్‌లుగా పేరు మోసిన అనతోలీ తరాసోవ్, అర్కాదీ చెర్నిషోవ్ ఇద్దరూ ఫుట్‌బాలర్లే, ఇద్దరూ బాండీ ఆడినవాళ్లే. అయితే రెండు ఆటల్లోనూ దేశంలో అందరికంటే పైన ఉన్నది మాత్రం బొబ్రోవ్ ఒక్కడే.

ఫుట్‌బాల్‌లో నిజంగా అంత గొప్పవాడా, లేక హాకీ పేరుతో పెంచి చెబుతున్నారా?

1945లో లీగ్‌లోకి వచ్చాడు. మొదటి మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు గోల్స్ కొట్టాడు. ఆ సీజన్ అయ్యేసరికి 24 గోల్స్, లీగ్‌లో అందరికంటే ఎక్కువ.

అదే ఏడాది నవంబర్‌లో డైనమో మాస్కో బ్రిటన్ పర్యటనకు వెళ్లింది. బొబ్రోవ్ వేరే క్లబ్బువాడైనా అతన్ని అరువు తీసుకెళ్లారు. చెల్సీతో మ్యాచ్‌కు టికెట్ కొన్నవాళ్లే 74 వేలకు పైగా, గోడలు దూకినవాళ్లు వేరు. 3–2తో వెనకబడ్డ దశలో బొబ్రోవ్ సమం చేశాడు. ఆఫ్‌సైడ్ అని ఇంగ్లిష్ వాళ్లు అప్పుడే గొణిగారు. తర్వాత కార్డిఫ్ మీద 10–1, అందులో ఇతనివి మూడు. ఆర్సెనల్ మ్యాచ్ మరీ విడ్డూరం. పొగమంచులో అవతలి గోల్ కనపడదు, ప్రేక్షకులు అరుపులను బట్టి స్కోరు ఊహించుకున్నారు. ఆర్సెనల్‌లోకి ఇంగ్లండ్ స్టార్ ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్‌ను అరువు తెచ్చుకున్నారు. మొదటి నిమిషంలోనే బొబ్రోవ్ గోల్, చివరికి 4–3 గెలుపు గోల్ కూడా అతనిదే. రేంజర్స్‌తో 2–2. నాలుగు మ్యాచ్‌ల్లో డైనమో 19 గోల్స్ కొడితే అందులో ఆరు ఇతనివి. ఈ మ్యాచ్‌లను సోవియట్ జనం రేడియోలో వదీమ్ సిన్యావ్‌స్కీ కామెంటరీగా విన్నారు. యుద్ధం ముగిసి ఆర్నెల్లే అయింది, ఇళ్లలో తిండికే కటకట. ఆ చలికాలంలో ఇంటింటికీ తెలిసిన పేరయ్యాడు.

సీడీకేఏ 1946, 1947, 1948లో వరసగా లీగ్ గెలిచింది. 1948లో చివరి మ్యాచ్ డైనమోతోనే, గెలిచినవాళ్లకే టైటిల్. ఇంకో కొద్ది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా 2–2. సహచరుడు కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి తిరిగొచ్చింది. అందరికంటే ముందు అక్కడున్నది బొబ్రోవ్. 3–2.

కాబట్టి, లేదు, పెంచి చెప్పడం లేదు.

ఐస్ హాకీలో రికార్డు ఏమిటి?

సోవియట్ ఐస్ హాకీ ఛాంపియన్‌షిప్ మొదలైందే 1946 డిసెంబర్ 22న. అప్పటికి దేశంలో ఆ ఆట సరిగ్గా వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. రింక్‌లు ఆరుబయట ఉండేవి, తలకు హెల్మెట్లు సరిగా లేవు. బాండీ ఆడేవాళ్లకే కొత్త కర్రలిచ్చి దింపారు.

బొబ్రోవ్ మొత్తం 130 లీగ్ మ్యాచ్‌ల్లో 254 గోల్స్ కొట్టాడు. 1947–48 సీజన్‌లో అయితే 18 మ్యాచ్‌ల్లో 52. సగటున మ్యాచ్‌కు మూడు గోల్స్‌కు కొద్దిగా తక్కువ! ఆ రోజుల్లో డిఫెన్స్ బలహీనమే, గోల్‌కీపర్లు కొత్తవాళ్లే, ఒప్పుకుందాం. అయినా అదే డిఫెన్స్ మీద మిగతావాళ్లెవరూ ఇన్ని కొట్టలేదు.

మొదట్లో అతని పక్కన ఆడింది తరాసోవ్, యెవ్గెనీ బాబిచ్. తర్వాత బాబిచ్, విక్తోర్ షువాలోవ్. తరాసోవ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

'బొబ్రోవ్ గోల్' అంటారు, అదేమిటి?

పైన గోల్ వెనక ఖాళీ గురించి చెప్పాను కదా, ఇదిగో దానితో పని పడింది.

పక్ తీసుకుని పక్క నుంచి దూసుకొస్తాడు. గోల్‌కీపర్ ఆ వైపు స్తంభానికి అతుక్కుంటాడు. బొబ్రోవ్ కొట్టడు. అదే వేగంతో గోల్ వెనకగా చుట్టి వెళ్లి, గోల్‌కీపర్ ఇంకా ఇటు నుంచి అటు తిరగకముందే, రెండో స్తంభం పక్క నుంచి చెయ్యి చాచి పక్‌ను మెల్లగా లోపలికి నెడతాడు. బలంగా కొట్టే పనే లేదు. వాకిట్లో నిలబడి తలుపు కాస్తున్నవాణ్ని మాటల్లో పెట్టి పెరటి వైపు నుంచి ఇంట్లో దూరినట్టు.

బాండీలో, ఫుట్‌బాల్‌లో ఈ గోల్ సాధ్యం కాదు. కెనడా వాళ్లకు గోల్ వెనక ఖాళీ పుట్టినప్పటి నుంచీ అలవాటు కాబట్టి అది వాళ్లకు పాసింగ్ చోటు. ఇరవై నాలుగేళ్ల వయసులో కొత్త ఆటలోకి వచ్చిన బొబ్రోవ్‌కు అది వింత. అంత పరుగు ఉన్నవాడికి కొత్తగా నాలుగు మీటర్ల నేల దొరికితే ఏం చేస్తాడు? దాని చుట్టూ పరిగెడతాడు. నా లెక్కలో అతని హాకీ మొత్తానికీ ఇదే కీలకం. డ్రిబ్లింగ్ ఫుట్‌బాల్ నుంచి వచ్చింది, స్కేటింగ్ బాండీ నుంచి వచ్చింది, ఆ రెండిట్లోనూ లేని చోట వాటిని వాడుకున్నాడు.

విమాన ప్రమాదం నుంచి తప్పించుకున్నాడని విన్నాం. నిజమేనా?

నిజమే. 1949లో బొబ్రోవ్ వైమానిక దళం జట్టు వీవీఎస్‌కు మారాడు. ఆ జట్టును నెత్తిన పెట్టుకున్నది స్టాలిన్ కొడుకు వసీలీ స్టాలిన్. మంచి ఆటగాడు ఎక్కడ కనిపించినా లాగేసుకునేవాడు. 1950 జనవరి మొదట్లో జట్టు ఉరల్ ప్రాంతానికి మ్యాచ్‌కు వెళ్తుండగా, స్వెర్ద్‌లోవ్‌స్క్ దగ్గర మంచు తుపానులో విమానం కూలింది. పదకొండు మంది ఆటగాళ్లు, జట్టు డాక్టర్, మసాజ్ చేసే మనిషి, సిబ్బందితో కలిపి 19 మంది చనిపోయారు.

బొబ్రోవ్ ఆ విమానం ఎక్కలేదు. పొద్దున అలారం మోగక నిద్రపోయాడని ఒక కథ. క్లబ్ మారే కాగితాల పని మిగిలి ఉండి ఆగాడని ఇంకో కథ. ఏదైనా, అతను రైల్లో వెళ్లాడు. షువాలోవ్ కూడా ఆ ప్రయాణంలో లేడు. మిగిలిన కొద్దిమందికి కొత్తవాళ్లను కలిపి జట్టును మళ్లీ కట్టారు. 1951 నుంచి 1953 దాకా వరసగా మూడుసార్లు ఆ జట్టే ఛాంపియన్. ఆ రోజుల్లో బొబ్రోవ్ ఆడుతూనే కోచ్ పని కూడా చేశాడు. కోచ్ జీవితం అసలు మొదలైంది అక్కడే.

1953 మార్చిలో స్టాలిన్ పోయాడు, ఏప్రిల్‌లో కొడుకు అరెస్టయ్యాడు, జట్టును రద్దు చేశారు.

మోకాళ్ల సంగతేమిటి?

ఆటంతా నొప్పితోనే ఆడాడు. 1946లోనే మోకాలు దెబ్బతింది. 1947లో ఆపరేషన్‌కు యుగోస్లావియా పంపారు, అప్పటికి రెండు దేశాలూ మిత్రులు. తర్వాత కూడా మోకాళ్లకు కట్లు కట్టుకునే దిగేవాడు. డిఫెండర్లకు ఆ సంగతి తెలుసు, సరిగ్గా అక్కడే తన్నేవాళ్లు. ఫుట్‌బాల్ లీగ్‌లో అతని మ్యాచ్‌లు మొత్తం 116 మాత్రమే కావడానికి కారణం ఇదే. వాటిలోనే వందకు కాస్త తక్కువ గోల్స్ ఉన్నాయి.

1952లో యుగోస్లావియాతో 5–5 మ్యాచ్ కథ ఏమిటి?

కాలు బాగు చేసిన దేశంతోనే ఆడాల్సి వచ్చింది. ఈసారి శత్రుదేశంగా. 1948లో స్టాలిన్, యుగోస్లావియా నేత టిటో విడిపోయారు, కాబట్టి ఇది ఫుట్‌బాల్ ఒక్కటే కాదని ఆటగాళ్లందరికీ తెలుసు. ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోండి.

జులై 20, ఫిన్లండ్‌లోని తాంపెరే. ఇంకో పావుగంటలో ఆట ముగుస్తుందనగా స్కోరు 5–1, సోవియట్ వెనకబడి ఉంది. అక్కడి నుంచి నాలుగు గోల్స్ కొట్టి 5–5 చేశారు. మ్యాచ్ మొత్తంలో బొబ్రోవ్‌వి మూడు. రెండు రోజుల తర్వాత మళ్లీ ఆడితే 3–1తో ఓడారు. ఆ ఒక్క గోల్ కూడా ఇతనిదే. దేశం తరఫున అతను ఆడిన ఫుట్‌బాల్ మ్యాచ్‌లు మూడే, గోల్స్ అయిదు.

ఓటమికి శిక్షగా సీడీకేఏ ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేశారు. అప్పటికి దాని పేరు సీడీఎస్‌ఏ. ఒలింపిక్ జట్టులో ఆ క్లబ్ వాళ్లు కొద్దిమందే. బొబ్రోవ్ అప్పటికి ఆ క్లబ్‌లోనే లేడు. కోపం ఎవరి మీద, దెబ్బ ఎవరికి!

మరి హాకీలో అంతర్జాతీయంగా?

1954 స్టాక్‌హోమ్, సోవియట్ జట్టుకు మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్. వీళ్లు చూడ్డానికి పాత సామాన్లతో దిగిన కొత్తవాళ్లు. చివరి మ్యాచ్‌లో కెనడాను 7–2తో ఓడించి టైటిల్ పట్టుకెళ్లారు. కెనడా తరఫున వచ్చింది ఒక క్లబ్ జట్టు, అసలు ప్రొఫెషనల్స్ కాదు. అయినా ఆ స్కోరు చూసి టొరంటోలో పేపర్లు తెరిచినవాళ్లు ఉలిక్కిపడ్డారు. బెస్ట్ ఫార్వర్డ్ బొబ్రోవ్, కెప్టెన్ కూడా అతనే.

1956 ఒలింపిక్స్‌లో ఏడు మ్యాచ్‌లూ గెలిచి స్వర్ణం. కోచ్ చెర్నిషోవ్. 1957లో మాస్కోలో స్వీడన్‌తో 4–4 డ్రా అయి రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. ఆ ఏడాదే బొబ్రోవ్ ఆట ఆపేశాడు, వయసు 34.

రిటైర్ అవగానే హాకీ కోచ్ అయిపోయాడా?

లేదు, అటూ ఇటూ తిరిగాడు. ఫుట్‌బాల్‌లో ఒడెస్సా జట్టు చొర్నొమొరెత్స్ దగ్గర పనిచేశాడు. 1964లో మాస్కో స్పార్టక్ హాకీ జట్టు అప్పగించారు. అప్పట్లో లీగ్ అంటే సీఎస్‌కేఏ, దాని కోచ్ తరాసోవ్. 1963 నుంచి నాలుగేళ్లు వరసగా వాళ్లదే టైటిల్. సైన్యం జట్టు కాబట్టి దేశంలో ఏ మంచి కుర్రాణ్నయినా సైనిక సేవ పేరు చెప్పి తెచ్చుకోగలరు. 1967లో బొబ్రోవ్ స్పార్టక్ ఆ వరసను తెంచింది. మాయొరోవ్ సోదరులు, వ్యచెస్లావ్ స్తార్షినోవ్ ఆ జట్టులో వాళ్లే. పొడుగ్గా ఉండే అలెగ్జాండర్ యకుషెవ్ అనే కుర్రాడు అక్కడే ఎదిగాడు.

గెలిచిన ఏడాదే హాకీ వదిలేసి సీఎస్‌కేఏ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా వెళ్లిపోయాడు. ఇప్పటి కోచ్ ఎవరైనా అలా చేస్తే పిచ్చి అంటాం. రెండు ఆటల మధ్య గోడ అతని తలలో ఎప్పుడూ లేదు.

తరాసోవ్‌కూ ఇతనికీ పడదంటారు. గొడవేమిటి?

ఒకే లైన్‌లో ఆడిన ఇద్దరు మనుషులు ఒకే ఆటను రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు.

తరాసోవ్‌కు అయిదుగురూ ఒక యంత్రంలా కదలాలి. పక్ ఎక్కువ సేపు పట్టుకున్నవాడు దొంగతో సమానం. కఠినమైన కసరత్తు, అరుపులు, ఉపన్యాసాలు. గోల్స్ కోసం ఒక్కడి మీద ఆధారపడటం, మిగతావాళ్లు వాడికి మోత మోయడం ఆయనకు గిట్టదు. ఆ 'ఒక్కడు' ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

బొబ్రోవ్ దగ్గర కసరత్తు తక్కువ, నమ్మకం ఎక్కువ. నీకు ఒకణ్ని దాటే శక్తి ఉంటే దాటు. ఆటగాళ్లను తనలాంటివాళ్లుగానే చూసేవాడు. ఇందులో లోటు కూడా ఉంది: తనకు పుట్టుకతో వచ్చింది రానివాడికి ఎలా నేర్పాలి అన్న ప్రశ్నకు అతని దగ్గర పెద్దగా జవాబు లేదు. తరాసోవ్ దగ్గర మామూలు ఆటగాడు మంచి ఆటగాడయ్యేవాడు. బొబ్రోవ్ దగ్గర మంచి ఆటగాడు భయం లేకుండా ఆడేవాడు.

జాతీయ జట్టు ఎలా వచ్చింది?

1972 ఫిబ్రవరిలో సప్పొరో ఒలింపిక్స్ గెలిచాక తరాసోవ్, చెర్నిషోవ్ ఇద్దరూ జట్టును వదిలారు. ఆ కుర్చీలోకి బొబ్రోవ్ వచ్చాడు. 1963 నుంచి 1971 దాకా తొమ్మిది ప్రపంచ టైటిళ్లు వరసగా గెలిచిన జట్టది. కొత్త కోచ్ మొదటి టోర్నమెంట్ ప్రాగ్‌లో, అక్కడ చెకొస్లొవేకియా గెలిచింది. తొమ్మిదేళ్ల వరస ఇతని చేతుల్లో తెగింది. ఆ తర్వాత అయిదు నెలలకే కెనడా సిరీస్.

1972 సిరీస్‌లో ఏం జరిగింది? కోచ్‌గా అతని తప్పెంత?

అప్పటిదాకా కెనడా ప్రొఫెషనల్స్ ప్రపంచ టోర్నీలకు వచ్చేవాళ్లు కాదు. అందుకని సోవియట్ విజయాలను కెనడా వాళ్లు లెక్కలో వేసేవాళ్లు కాదు. ఈసారి అసలువాళ్లే దిగారు. నాలుగు మ్యాచ్‌లు కెనడాలో, నాలుగు మాస్కోలో. ఎనిమిదికి ఎనిమిదీ కెనడావే అని అక్కడి పేపర్లు రాశాయి.

సెప్టెంబర్ 2, మాంట్రియల్. ముప్ఫై సెకన్లకే కెనడా ఆటగాడు ఫిల్ ఎస్పొజీటో గోల్. ఏడో నిమిషంలో ఇంకోటి. స్టేడియం ఊగిపోయింది. బొబ్రోవ్ ఏమీ మార్చలేదు, జట్టు ఎలా ఆడుతుందో అలాగే ఆడనిచ్చాడు. చివరికి 7–3, సోవియట్ గెలుపు. అందులో వలేరీ ఖర్లామోవ్‌వి రెండు గోల్స్. మొదటిది డిఫెండర్‌ను ఒంటరిగా దాటి కొట్టింది. తరాసోవ్ పెంచిన కుర్రాడే, నిజమే. కానీ ఆ రాత్రి ఆడింది బొబ్రోవ్ హాకీ. గోల్‌లో ఇరవై ఏళ్ల వ్లదిస్లావ్ త్రెత్యాక్.

టొరంటోలో కెనడా 4–1, విన్నిపెగ్‌లో 4–4, వాంకూవర్‌లో సోవియట్ 5–3. సొంత జనమే కెనడా జట్టును గేలి చేశారు. మాస్కోలో మొదటి మ్యాచ్, సిరీస్‌లో అయిదోది, చివరి పీరియడ్‌లో 4–1తో వెనకబడి కూడా సోవియట్ 5–4తో గెలిచింది. ఇక మిగిలిన మూడిట్లో ఒక్కటి గెలిచినా సిరీస్ చేతికొచ్చినట్టే.

మూడూ ఓడారు. మూడూ ఒక్క గోల్ తేడాతోనే: 3–2, 4–3, 6–5.

ఆరో మ్యాచ్‌లో కెనడా ఆటగాడు బాబీ క్లార్క్ కర్రతో ఖర్లామోవ్ చీలమండ మీద కొట్టాడు. ఏడో మ్యాచ్‌లో ఖర్లామోవ్ లేడు, ఎనిమిదో దాంట్లో కుంటుతూ ఆడాడు. మోకాళ్ల మీద దెబ్బలు తింటూ పదేళ్లు ఆడిన మనిషి బెంచీ వెనక నిలబడి అది చూశాడు.

సెప్టెంబర్ 28, చివరి మ్యాచ్. రెండు పీరియడ్లు అయ్యేసరికి సోవియట్ 5–3 ముందుంది. నా దృష్టిలో కోచ్ తప్పు వెతకాలంటే ఇక్కడే వెతకాలి. ముందున్నప్పుడు ఆటను పట్టి ఉంచడం, గడియారాన్ని తినెయ్యడం బొబ్రోవ్ స్వభావంలో లేదు. ఆ పని జట్టుకు గట్టిగా చెప్పేవాడు అవసరమైన ఇరవై నిమిషాలవి. ఎస్పొజీటో ఒకటి, కుర్నొయే ఒకటి, 5–5. అలాగే ముగిసినా గెలుపులు సమానమై గోల్స్‌లో సోవియట్ ముందుండేది. ఆట ఇంకా 34 సెకన్లుందనగా పాల్ హెండర్సన్ కొట్టాడు.

ఎనిమిది మ్యాచ్‌ల గోల్స్ కలిపితే సోవియట్ 32, కెనడా 31. ఈ లెక్క చెప్పి ఓదార్చుకునేవాళ్లు ఉన్నారు. నేనైతే ఓదార్చుకోను, కానీ ఎనిమిదికి ఎనిమిది అన్నవాళ్లకు చూపించడానికి బాగుంటుంది.

ఓడాడని తీసేశారా?

వెంటనే కాదు. 1973 ప్రపంచ ఛాంపియన్‌షిప్ మాస్కోలో జరిగింది. పది మ్యాచ్‌లూ గెలిచారు, కొట్టిన గోల్స్ సరిగ్గా 100, ఇచ్చినవి 18. 1974 హెల్సింకీలో చెకొస్లొవేకియా చేతిలో ఒకసారి 7–2తో చిత్తయినా టైటిల్ మాత్రం వీళ్లదే. ఆ స్వర్ణం తర్వాత అతన్ని పక్కన పెట్టి, సహాయకుడిగా ఉన్న బొరిస్ కులాగిన్‌కు జట్టు ఇచ్చారు. పై అధికారుల ముందు ఒదిగి ఉండే మనిషి కాదని అప్పటి ఆటగాళ్లు చెప్పుకునేవాళ్లు.

ఫుట్‌బాల్ కోచ్‌గా ఏమైనా గెలిచాడా?

చెప్పుకోదగ్గ టైటిల్ ఏదీ లేదు. ఒడెస్సా, సీఎస్‌కేఏ, అల్మా అతా, మళ్లీ 1977–78లో సీఎస్‌కేఏ. ఫుట్‌బాలర్‌గా ఎంత గొప్పవాడో కోచ్‌గా అంత మామూలు. హాకీలో ఆటగాళ్లు నిమిషానికోసారి మారతారు, బెంచీ దగ్గరికి వచ్చినప్పుడల్లా కోచ్ భుజం తట్టొచ్చు, ఒక మాట చెప్పొచ్చు. ఫుట్‌బాల్‌లో ఆ వీలు లేదు. మనుషులకు దగ్గరగా ఉండి పని చేయించుకునే కోచ్‌కు హాకీ బెంచీయే సరిపోయిందని నా అనుమానం.

ఎప్పుడు చనిపోయాడు? ఇప్పుడు ఎవరికైనా గుర్తున్నాడా?

1979 జులై 1న, మాస్కోలో. 56 ఏళ్లే. కుంత్సెవో శ్మశానంలో సమాధి ఉంది. 1997లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టినప్పుడు చేర్చుకున్న మొదటి పేర్లలో అతనిది ఒకటి.

ఇప్పటి రష్యా లీగ్ కేహెచ్‌ఎల్‌లో నాలుగు డివిజన్లకు నలుగురి పేర్లు పెట్టారు. తూర్పున ఖర్లామోవ్, చెర్నిషోవ్. పశ్చిమాన బొబ్రోవ్ డివిజన్, దాని పక్కనే తరాసోవ్ డివిజన్. పాయింట్ల పట్టిక తెరిస్తే ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి.